పలెర్మోలో స్ట్రీట్ ఫుడ్ వాక్: శాకాహారి అత్తగారితో వెళ్ళొచ్చా?

జూన్‌లో ఇటలీలోని సిసిలీ వెళ్తున్నామని, అక్కడి పలెర్మో నగరంలో గైడ్‌తో స్ట్రీట్ ఫుడ్ వాక్‌కి అంత డబ్బు పెట్టడం అవసరమా, మనమే తిరుగుతూ తింటే సరిపోదా అని అడిగారు. మీ అత్తగారు శాకాహారి కాబట్టి ఆవిడ మూడు గంటలు ఊరికే నిలబడాల్సి వస్తుందేమో అన్నది మీ టెన్షన్. నా మాట అడిగితే, ఆవిడ వస్తున్నారు కాబట్టే గైడ్‌ని తీసుకోండి. నేను పలెర్మో వెళ్ళింది మా అమ్మతో. అమ్మ గుడ్డు కూడా ముట్టదు, నేను అన్నీ తింటాను. అందుకని రెండు వైపులా చెప్పగలను.

ముందు ఈ వాక్ ఎలా ఉంటుందో చెబుతాను. ఎక్కువ టూర్లు ఉదయం పది, పదిన్నర మధ్య టేయాట్రో మాస్సిమో దగ్గర మొదలవుతాయి. 1897లో తెరిచిన ఒపెరా హౌస్ అది, ఊరికి గుర్తు లాంటిది, ఎవరినడిగినా దారి చెబుతారు. అక్కడినుంచి పోర్తా కారీని అనే పాత ద్వారం గుండా కాపో మార్కెట్‌లోకి తీసుకెళ్తారు. తర్వాత వుచ్చీరియా మార్కెట్ వైపో, క్వాత్రో కాంతి కూడలి దాటి బల్లారో మార్కెట్ వైపో నడిపిస్తారు. మొత్తం మూడు గంటలు, ఐదారు చోట్ల తిండి. మనిషికి 40 నుంచి 60 యూరోల దాకా తీసుకుంటారు, తినే వాటి ఖర్చు అందులోనే. నడక పెద్దగా ఉండదు, నిలబడటమే ఎక్కువ. చాలా కొట్ల దగ్గర కూర్చోవడానికి ఏమీ ఉండదు. చేపల వాళ్ళు నీళ్ళు చల్లుతూనే ఉంటారు కాబట్టి రాళ్ళు పరిచిన ఆ సందులు జారతాయి. మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పి ఉంటే ఆ సంగతి గైడ్‌కి ముందే చెప్పండి, రెండు చోట్లయినా కూర్చోబెట్టగలరు. చెప్పులు కాకుండా పట్టు ఉన్న బూట్లు వేయించండి.

ఇక తిండి. మా అమ్మ మొదట తిన్నది పనెల్లె. కాబూలీ శనగల పిండిని నీళ్ళలో కలిపి, ఉప్పు వేసి, ముద్ద గరిటెకు అంటుకోకుండా విడివడేదాకా తిప్పుతూ ఉడికిస్తారు. దించే ముందు సన్నగా తరిగిన పార్స్‌లీ ఆకు కలుపుతారు. వేడి మీదే పల్చగా పరిచి, చల్లారాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. కాపోలో మేము నిలబడ్డ కొట్టులో ఆ ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. కొట్టతను ఒక్కొక్కటీ మూకుడు అంచునుంచి జారవిడుస్తుంటే అది మునిగి, తేలి, అంచులు మాత్రం బంగారు రంగుకు తిరుగుతున్నాయి. తీసి, నువ్వులు అద్దిన బన్ను మధ్యలో నాలుగు పెట్టి, పైన నిమ్మకాయ పిండి చేతికిచ్చాడు. పైన కరకర, లోపల వెన్నలా మెత్తన. శనగపిండి వాసన తెలియగానే అమ్మ ముఖంలో భయం పోయింది. విడిగా కొనుక్కుంటే ఆ బన్ను రెండు మూడు యూరోలే. మీ అత్తగారికి నచ్చితే రోజూ మధ్యాహ్నం అదే తినొచ్చు. అదే మూకుట్లో బంగాళాదుంప ముద్దలు కూడా వేయిస్తారు, పుదీనా వేసి. వాటిని అక్కడ కజ్జిల్లి అంటారు. కొన్ని చోట్ల గుడ్డు కలుపుతారు, అడగాలి.

ఆ నూనె ఎలాంటిది, అందులో ఇంకేం వేయించారు అన్నది మనకి మనంగా తెలుసుకోలేం. కొన్ని కొట్లలో అదే నూనెలో చేపలు కూడా వేయిస్తారు. మా గైడ్, పలెర్మోలోనే పుట్టి పెరిగిన అమ్మాయి, కొట్టతనితో వాళ్ళ భాషలో మాట్లాడి, అక్కడ శనగపిండి, దుంప, వంకాయ తప్ప ఏవీ వేయించరని నిర్ధారణ చేసుకున్నాకే అమ్మకి ఇప్పించింది. నేను టూర్‌కి పెట్టిన డబ్బు ఆ రెండు నిమిషాల మాటకే సరిపోయిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఎందుకంటే పలెర్మోలో చూడటానికి శాకాహారంలా ఉండి, లోపల కానివి చాలా ఉన్నాయి. అరంచినె అని అన్నం ఉండలు దొరుకుతాయి. కుంకుమపువ్వు రంగుతో, నారింజకాయంత ఉంటాయి, బ్రెడ్ పొడి అద్ది వేయిస్తారు. అందులో ఒకరకం పేరుకు అర్థం ‘వెన్నతో చేసినది’. పేరు చూసి శాకాహారమే కదా అని తీసుకుంటారు, కానీ అందులో చీజ్‌తో పాటు పంది మాంసం ముక్కలు, అంటే హ్యామ్, ఉంటుంది. రెండో రకంలో కీమా, బఠానీలు. పాలకూరతో చేసినవి కూడా కొన్ని చోట్ల ఉంటాయి, అవైనా అడిగే తీసుకోవాలి. స్ఫించోనె అని ఇంకొకటి ఉంది. దిబ్బరొట్టె మందాన, మెత్తగా, పైన టమాటా, ఉల్లిపాయ, బ్రెడ్ పొడి. వెజ్ పిజ్జా అనే అనిపిస్తుంది. ఆ టమాటాలో ఆంచోవీ చేపలు కరిగిపోయి ఉంటాయి, ఒక్క ముల్లు కూడా కనపడదు. చివర్లో స్వీట్‌గా కానోలీ ఇస్తారు. లోపల తీపి రికోట్టా, అది పాలదే. పైన గొట్టంలా ఉండే పెంకు పిండిలో మాత్రం పాత పద్ధతి ప్రకారం పంది కొవ్వు, మార్సాలా వైన్ వేస్తారు. అమ్మకి కానోలీ బదులు బాదం పప్పు, పంచదార ముద్దతో పళ్ళ ఆకారంలో చేసే మార్తొరానా ఇప్పించింది ఆ అమ్మాయి. చిన్న సీతాఫలం లాంటి పండు దొరికితే తీసుకుందామనుకుంది అమ్మ, చివరికి బత్తాయి తీసుకుంది. బాదం బిస్కెట్లు కూడా అలాగే కనిపిస్తాయి కానీ వాటిలో గుడ్డు తెల్లసొన ఉంటుంది. కపొనాతా మాత్రం నిశ్చింతగా అడగొచ్చు. వంకాయ, సెలెరీ, ఆలివ్‌లు, కేపర్లు అనే ఊరబెట్టిన మొగ్గలు వేసి పులుపు, తీపి కలిపి చేసే కూర. వంకాయ కూర అంటే మన ఇళ్ళలో ఎంత ఇష్టమో తెలుసు కదా. అమ్మ బన్నుతో పాటు గిన్నె మొత్తం తినేసింది.

మీరు, మీ వారు మాంసాహారులని రాశారు. బీఫ్ తింటారో లేదో రాయలేదు. ఇది ముఖ్యం. పలెర్మో వీధి తిండిలో అన్నింటికన్నా పేరున్న పాని కా మెయుసా అనే బన్ను దూడ మాంసంతోనే చేస్తారు. దూడ ప్లీహం, అంటే మన మటన్ షాపుల్లో తిల్లి అనే భాగం, దాంతోపాటు ఊపిరితిత్తులు ముందే ఉడకబెట్టి పల్చని ముక్కలు కోసి ఉంచుతారు. అమ్మేవాడు ఏటవాలుగా పెట్టిన పెద్ద పళ్ళెం ముందు కూర్చుంటాడు. కింది వైపు పంది కొవ్వు కరిగి మరుగుతూ ఉంటుంది. ముక్కలు పై వైపు పేర్చి ఉంటాయి. మీరు అడగగానే కాసిని కిందకి లాగి కొవ్వులో తిప్పి, ఫోర్కుతో ఎత్తి, కొవ్వు కారేదాకా నొక్కి, బన్నులో పెడతాడు. నిమ్మరసం ఒక్కటే కావాలా, రికోట్టా, కాచ్చొకవాల్లో చీజ్ తురుము కూడా కావాలా అని అడుగుతాడు. నేను నిమ్మరసంతోనే తిన్నాను. వేడి తగ్గితే తినడం కష్టం, చేతికివ్వగానే తినేయాలి. యూదు కసాయివాళ్ళు పశువును కోసినందుకు డబ్బు పుచ్చుకోకూడదు కాబట్టి కూలికి బదులు పేగులు, ప్లీహం తీసుకునేవారని, వాటిని అమ్ముకోవడం అలా మొదలైందని అక్కడివాళ్ళు చెబుతారు. 1492 ఆజ్ఞతో యూదుల్ని సిసిలీ నుంచి వెళ్ళగొట్టారు. వాళ్ళ తిండి మాత్రం ఊళ్ళో మిగిలింది. ఆ బన్ను చేతిలో పట్టుకుని ఆ సంగతి వింటే మనసుకి ఎక్కడో తగులుతుంది. ఒక్కళ్ళమే వెళ్ళుంటే తినేసి వచ్చేసేవాళ్ళం, ఇది తెలిసేది కాదు.

బీఫ్ తినరంటే స్టిగ్యోలా అడగండి. గొర్రె పేగులను ఉల్లికాడల చుట్టూ చుట్టి బొగ్గుల మీద కాలుస్తారు. బోటీ కూర ఇష్టపడేవాళ్ళకి ఇది తప్పకుండా నచ్చుతుంది. సందులో ఎక్కడ పొగ లేస్తుంటే అక్కడ ఉన్నట్టే లెక్క. కొన్ని చోట్ల దూడ పేగులు కూడా వాడతారు, కాల్చే ముందే అడగాలి. ఉడికించిన ఆక్టోపస్, ఎండుద్రాక్ష, బ్రెడ్ పొడి కూరిన సార్డీన్ చేపలు కూడా ఉంటాయి. బుట్టమీద గుడ్డ కప్పుకుని, కింద చెయ్యి పెట్టి, లోపల ఏముందో చూపించకుండా తీసి ఇచ్చేది ఫ్రిత్తొలా. అది దూడ ఎముకలకి అంటుకుని మిగిలిన మాంసం, మృదులాస్థి. దాన్ని మాత్రం గైడ్ పక్కన లేకుండా కొనకండి.

గైడ్ ఉంటే తెలిసే ఇంకో సంగతి. కొన్ని కొట్ల తలుపుల మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది, అద్దియోపిజ్జో అని. మాఫియాకి మామూలు కట్టబోమని బహిరంగంగా చెప్పిన కొట్లు అవి. 2004లో పలెర్మో కుర్రాళ్ళు కొందరు రాత్రికి రాత్రి గోడల మీద కాగితాలు అతికించి మొదలుపెట్టిన ఉద్యమం. మా గైడ్ వీలైనంత వరకు ఆ కొట్లకే తీసుకెళ్ళింది. మీరు కూడా బుక్ చేసేముందు అడగండి, ఈ పద్ధతి పాటించే టూర్లు ఉన్నాయి. మన డబ్బు ఎవరి చేతికి వెళ్తోందో తెలిసి తినడం నాకు చాలా తృప్తినిచ్చింది.

ఎంచుకోవడంలో రెండు జాగ్రత్తలు. పది, పన్నెండుమందికి మించని గుంపు చూసుకోండి. నేను తర్వాత ఒక సాయంత్రం టూర్‌కి కూడా వెళ్ళాను. పాతికమంది దాకా ఉన్నారు, ఇరుకు సందులో వెనక వాళ్ళకి మాట వినపడలేదు, వడ్డించినవన్నీ ముందే చేసి చల్లారిపోయినవి, మార్కెట్లో బళ్ళన్నీ మూసేసి ఉన్నాయి. రాత్రి వుచ్చీరియా అంటే బార్లు, పాటలు, కుర్రాళ్ళ సందడి. అది కావాలంటే వేరు, తిండికోసం మాత్రం ఉదయమే మంచిది. రెండోది, ఊళ్ళో దిగిన మర్నాడే ఈ వాక్ పెట్టుకోండి. ఏ కొట్టు ఎక్కడుందో, ఏం అడగాలో తెలిస్తే మిగతా రోజులు గైడ్ అక్కర్లేదు. పొద్దున టిఫిన్ తినకుండా వెళ్ళండి, ఆ ఐదారు చోట్ల తిన్నాక మధ్యాహ్నం భోజనం కూడా అవసరం పడదు.

వాక్ అయిన మర్నాడు మీ అత్తగారిని బల్లారోకి మీరే తీసుకెళ్ళండి. ఆవిడకి అన్నింటికన్నా నచ్చే చోటు అదే అవుతుంది. ఉడికించిన బంగాళాదుంపలు, ఆర్టిచోక్‌లు, కాల్చిన పెద్ద ఉల్లిపాయలు వేడివేడిగా అమ్ముతుంటారు, ఉప్పు, నూనె తప్ప ఇంకేం ఉండదు. ఎండాకాలంలో తెనెరూమి అని లేత ఆకుల కట్టలు పెడతారు. అమ్మ ఆ తీగ నులిమి వాసన చూసి “సొరకాయ తీగే ఇది” అంది. నిజమే, పక్కనే గజం పొడుగు సొరకాయలు కూడా ఉన్నాయి. వాళ్ళు ఆ ఆకుల్ని టమాటా, విరిచిన స్పగెట్టీతో పల్చగా ఉడికించుకుంటారు. ఆ చుట్టుపక్కల బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లు ఉన్నాయి, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర దొరుకుతాయి. పలెర్మోలో శ్రీలంక తమిళులు కూడా చాలామంది ఉన్నారు. ఊరి రక్షకురాలు సాంతా రొసాలియాని వాళ్ళూ కొలుస్తారు, ఆదివారాలు మోంతె పెల్లెగ్రీనో కొండ ఎక్కి ఆవిడ గుహకి వెళ్తారు. మీ ప్రయాణం జూలైకి జరిగితే 14వ తేదీ రాత్రి ఆవిడ ఊరేగింపు చూడొచ్చు. కానీ అప్పుడు ఎండ, జనం రెండూ ఎక్కువ, పెద్దవాళ్ళతో జూనే నయం. ఎండ ఎక్కినప్పుడు నిమ్మ గ్రానిటా ఇప్పించండి, మంచు, నిమ్మరసం, పంచదార అంతే. దాంతో ఇచ్చే బ్రియోష్ బన్నులో గుడ్డు ఉంటుంది.

బుక్ చేసేటప్పుడు ‘వెజిటేరియన్’ అని ఒక్క పెట్టె టిక్ పెట్టి ఊరుకోకండి. అక్కడ చాలామంది దృష్టిలో చేప తింటే వెజిటేరియనే, పంది కొవ్వు సంగతి అసలు లెక్కలోకి రాదు. మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు ఏవీ తినరు అని విడివిడిగా మెసేజ్ పెట్టి, ఆ ఐదారు చోట్ల ఆవిడకి ఏమిస్తారో రాయమనండి. మూడు చోట్లకి కూడా జవాబు సరిగ్గా రాకపోతే ఇంకో టూర్ చూడండి. కొట్టు దగ్గర మీరే అడగాల్సి వస్తే “సెన్జా కార్నె, సెన్జా పెషె, సెన్జా వోవా, సెన్జా స్ట్రుత్తో” అనండి, ఆ నాలుగూ వద్దని అర్థమవుతుంది. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి, బళ్ళ దగ్గర కార్డు తీసుకోకపోవచ్చు.