దిద్దే ముందు ఆ తప్పు ఎక్కడిదో చూడు

అమ్మాయీ, ఆశీస్సులు.

ఫ్రెంచ్ కొత్తగా నేర్చుకునేవాళ్ల వాక్యాలు దిద్దుతున్నావని విని చాలా సంతోషించాను. పేజీ నిండా తప్పులుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచట్లేదని రాశావు. టెన్షన్ పడకు. తప్పు కనబడగానే కొట్టేసి పైన ఒప్పు రాసేస్తే వాళ్లు చూసి ఊరుకుంటారు, మళ్లీ అదే రాస్తారు. అది ఎందుకు వచ్చిందో ముందు పట్టుకో.

ఈ వాక్యం చూడు: ‘ఎల్ ఆ అలే ఆ ల మార్షే, ఎ ఎల్ నా పా అష్తే ద్యు పాఁ.’ ఆమె బజారుకి వెళ్లింది, రొట్టె కొనలేదు అని చెప్పాలనుకున్నారు. నాలుగు తప్పులున్నాయి.

ఎప్పుడూ క్రియతో మొదలుపెట్టు. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు ఎక్కువ క్రియలకి ‘అవ్వార్’ (కలిగి ఉండటం) అనే క్రియ తోడు వస్తుంది, అందుకే ఇక్కడా దాని రూపం ‘ఆ’ పెట్టేశారు. వెళ్లడం, రావడం, పుట్టడం, చనిపోవడం లాంటి కొన్నిటికి మాత్రం ‘ఎత్ర్’ (ఉండటం) రావాలి: ‘ఎల్ ఎ అలే’. ‘ఎత్ర్’ వచ్చాక కర్త ఆడా మగా, ఒకరా ఎక్కువమందా అన్నది కూడా చూడాలి. కర్త ‘ఎల్’ కాబట్టి ‘అలే’ చివర ‘ఈ’ అక్షరం ఇంకొకటి చేరుతుంది. అది పలకదు. వాక్యం నోటితో చెప్పించి సరిపెట్టుకుంటే ఈ తప్పు నీకు ఎప్పటికీ దొరకదు, రాయించాల్సిందే.

‘ఆ ల మార్షే’ దగ్గర ఆలోచించేదేమీ లేదు, ‘ఆ’, ‘ల’ రెండూ కలిసి ‘ఓ’ అయిపోతాయి. స్త్రీలింగంలో ‘ఆ లా’ మాత్రం అలాగే ఉంటుంది.

నాలుగోది జాగ్రత్తగా చెప్పాలి. లేదు, కాదు అని చెప్పే ‘పా’ వచ్చాక ‘ద్యు పాఁ’ కాస్తా ‘ద పాఁ’ అవుతుంది. ఇది చెప్పిన మర్నాడే ఎవరో ఒకరు ‘జ నెమ్ పా ద కఫే’ అని రాస్తారు చూడు. అది అశ్రద్ధ కాదు, నువ్వు చెప్పిన సూత్రాన్నే అక్కడా వాడారు. కోప్పడకు. మారేవి ‘అఁ, యున్, ద్యు, ద లా, దే’ మాత్రమేననీ, ‘ల, లా, లే’ మారవనీ అప్పుడు చెప్పు. కాఫీ ఇష్టం లేదనాలంటే ‘జ నెమ్ పా ల కఫే’ అనే అనాలి. ‘ఎత్ర్’ తర్వాత కూడా ‘ద్యు’ మారదు, కానీ ఆ సంగతి వాళ్లు అడిగేదాకా ఎత్తకు.

వయసు చెప్పేటప్పుడు ‘జ సుయి’ (నేను ఉన్నాను, ‘ఎత్ర్’ రూపం) అని మొదలుపెట్టడం ఇంగ్లిష్ అలవాటు. ఫ్రెంచ్‌లో ‘జే’ (నాకు ఉంది, ‘అవ్వార్’ రూపం) అనాలి. ఆకలి, దాహం, చలి, భయం అన్నీ ‘అవ్వార్’తోనే చెబుతారు కాబట్టి విడివిడిగా కాకుండా ఒకేసారి రాయించు.

లింగం విషయంలో మాత్రం గట్టిగా ఉండు. ఆర్టికల్ లేకుండా ఒక్క నామవాచకం కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కనివ్వకు. ‘ఆజ్’తో ముగిసే మాటలు ఎక్కువగా పుంలింగమే, అయినా ‘ప్లాజ్’, ‘పాజ్’, ‘ఇమాజ్’ స్త్రీలింగం.

ఒక రోజుకి ఒక రకం తప్పే దిద్దు, మిగతావాటి కింద పెన్సిల్‌తో సన్నగా గీత గీసి వదిలెయ్. దిద్దిన వాక్యాన్ని కర్త మార్చి మళ్లీ రాయించు. ‘ఎల్’ బదులు ‘ఇల్’ అని బహువచనం ఇచ్చి చూడు. ‘ఎత్ర్’ బహువచన రూపం ‘సోఁ’ ఎలాగూ రాస్తారు, ‘అలే’ చివర పలకని ‘ఎస్’ పెట్టారో లేదో చూసుకో.