అమెరికా కాంగ్రెస్‌కి పోటీ చేస్తానంటున్న మా అమ్మాయికి

చిరంజీవి స్వప్నకు, పెద్దనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ చదివి మీ పెద్దమ్మకి కూడా వినిపించాను. సిటిజన్‌షిప్ వచ్చి ఏడాది తిరక్కుండానే అమెరికా కాంగ్రెస్‌కి పోటీ చేయాలన్న ఆలోచన నీకు వచ్చినందుకు మా ఇద్దరికీ సంతోషమే. ఒక్క వాక్యం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. "ఏడేళ్లు ఖాళీగా కూర్చోవాలట పెద్దనాన్నా, అంత టైమ్ వేస్టా?" అని రాశావు. ఈ ఉత్తరమంతా ఆ మాటకి జవాబే అనుకో.

రూలు సంగతి ముందు తేల్చేస్తాను. కాంగ్రెస్ దిగువసభ అయిన హౌస్ ఆఫ్ రిప్రజెంటేటివ్స్‌కి రాజ్యాంగం పెట్టిన షరతులు మూడే. వయసు 25 నిండాలి, పౌరసత్వం వచ్చి ఏడేళ్లు కావాలి, ఎన్నికయ్యే నాటికి ఆ రాష్ట్రంలో కాపురం ఉండాలి. ఈ ఏడేళ్లు నామినేషన్ నాటికో పోలింగ్ నాటికో కాదు, సభలో సీటు తీసుకునే నాటికి నిండితే చాలు. దీన్ని అంచు దాకా వెళ్లి వాడుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు దలీప్ సింగ్ సౌంద్. సభలో ఓటు వేసే హక్కున్న సభ్యుడిగా అమెరికా కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు, మొదటి ఆసియా సంతతి మనిషి, మొదటి సిక్కు. నువ్వు ఇప్పటి ఎంపీల వీడియోలు చూస్తున్నానన్నావు. చూడు, తప్పులేదు. కానీ అంతకంటే ముందు ఈయన జీవితం తెలుసుకో.

1899లో అమృత్‌సర్ జిల్లాలోని ఛజ్జల్‌వడ్డి అనే ఊళ్లో పుట్టాడు. 1920లో అమెరికా వచ్చి కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో చేరాడు. పండ్లు, కూరగాయలు డబ్బాల్లో నిల్వచేసే విద్య నేర్చుకుని వెనక్కి వెళ్దామనుకున్నవాడు లెక్కల్లోకి మళ్లి, 1924 నాటికి పీహెచ్‌డీ పూర్తి చేశాడు. లెక్కల్లో డాక్టరేట్ చేతిలో ఉన్నా ఉద్యోగం దొరకలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. కాలిఫోర్నియాలో 1913 నాటి చట్టం ప్రకారం అలాంటివాళ్లు భూమి కొనడానికి వీల్లేదు. తర్వాత్తర్వాత కౌలుకి తీసుకోవడం మీద కూడా ఆంక్షలు పెట్టారు. అయినా ఆయన 1925లో దక్షిణాన ఇంపీరియల్ లోయకి వెళ్లాడు. అది సముద్రమట్టం కంటే దిగువన ఉండే ఎడారి నేల, కొలరాడో నది కాలువ నీళ్లతో పండే ప్రాంతం. పత్తి తీసే కూలీల మీద మేస్త్రీగా మొదలుపెట్టి, తర్వాత సొంతంగా వ్యవసాయంలోకి దిగి నష్టపోయాడు. ఆర్థికమాంద్యంలో చుట్టుపక్కల రైతులు దివాలా పిటిషన్లు పెడుతుంటే ఆయన పెట్టలేదు. ఏళ్ల తరబడి కష్టపడి అప్పులన్నీ తీర్చాడు. ఆ బాకీలు తీర్చిన మాట ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఓటు లేని రోజుల్లోనే ఆయన సంపాదించుకున్న పలుకుబడి అది.

పౌరసత్వం కోసం ఆయన ఎదురుచూస్తూ కూర్చోలేదమ్మా. తోటి భారతీయుల్ని కూడగట్టి సంఘం పెట్టి చట్టం మార్పించడానికి తిరిగాడు. 1946 జులైలో ప్రెసిడెంట్ ట్రూమన్ సంతకంతో ల్యూస్-సెల్లర్ చట్టం వచ్చింది. ఏడాదికి వందమంది భారతీయులకి మాత్రమే వలస కోటా ఇచ్చిన చట్టం, కానీ పౌరసత్వం తలుపు తెరిచింది. 1949 డిసెంబర్ 16న ఆయన అమెరికన్ అయ్యాడు. అప్పటికి వయసు 50. ఈ దేశానికి వచ్చి దాదాపు మూడు దశాబ్దాలు.

ఇక్కణ్నుంచి జాగ్రత్తగా చదువు, ఎందుకంటే నీ ఏడేళ్లకీ ఆయన ఏడేళ్లకీ పోలిక ఇక్కడే ఉంది.

పౌరసత్వం వచ్చిన మరుసటి ఏడాదే, 1950లో, వెస్ట్‌మోర్లాండ్ అనే చిన్న ఊళ్లో జస్టిస్ ఆఫ్ ది పీస్ పదవికి నిలబడ్డాడు. చిన్న చిన్న కేసులు చూసే ఊరి జడ్జి పదవి అది, మన టెక్సస్‌లో ఇప్పటికీ ఉంది. గెలిచాడు. కానీ ఎన్నిక నాటికి పౌరసత్వం ఏడాది నిండలేదని ఆ సీటు ఇవ్వలేదు. గెలిచిన సీటు చేజారితే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆయన మాత్రం కౌంటీ పార్టీ కమిటీలో పని పెంచుకుని, 1952లో అదే పదవికి మళ్లీ నిలబడి గెలిచి, 1957 దాకా జడ్జిగా చేశాడు. ఆ ఊళ్లో పాతుకుపోయిన జూదాన్నీ వ్యభిచారాన్నీ ఊడ్చేశాడని పేరు తెచ్చుకున్నాడు. పక్కన ఎరువుల వ్యాపారం కూడా చేసుకున్నాడు, కాబట్టి రైతులందరితోనూ రోజూ మాటే.

ఆ ఎన్నికప్పటి ఒక సంఘటన ఉంది. ఊరి మధ్యలో నలుగురూ ఉండగా ఒక పెద్దమనిషి, ఆయనంటే పడనివాడు, గట్టిగా అడిగాడు: "డాక్, నువ్వు గెలిస్తే నీ కోర్టుకి రావడానికి తలపాగాలు నువ్వే ఇస్తావా, మేమే కొనుక్కోవాలా?" అక్కడున్నవాళ్లంతా ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు. మనిషి తల మీద ఏం పెట్టుకున్నాడన్నది నాకు పట్టదు, తల లోపల ఏముందన్నదే నాకు కావాలి అన్నాడు సౌంద్. అంతే, అక్కడున్నవాళ్లు నవ్వేశారు, ఆ మాట లోయంతా పాకింది. ఇందులో నేర్చుకోవలసింది హాజరుజవాబు ఒక్కటే అనుకోకు. ఆ ఊరివాళ్లు ఆయన్ని "డాక్" అని చనువుగా పిలిచేంత దగ్గరతనం అప్పటికే ఉంది. ముక్కూమొహం తెలియని మనిషి అదే జవాబు చెప్పి ఉంటే పొగరు అనుకునేవారు. నిన్నూ అడుగుతారు. నీ యాస గురించి, నీ పేరు గురించి, నీ గుడి గురించి అడుగుతారు. అప్పుడు నీ తరఫున నవ్వడానికి అక్కడ నలుగురు తెలిసినవాళ్లు ఉండాలి.

1956లో కాంగ్రెస్‌కి నిలబడ్డాడు. రివర్‌సైడ్, ఇంపీరియల్ కౌంటీలు కలిసిన 29వ డిస్ట్రిక్ట్. పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ప్రైమరీ ఎన్నికలోనే సొంత పార్టీ ప్రత్యర్థి పౌరసత్వం లెక్క పట్టుకుని కోర్టుకెళ్లాడు. కేసు నిలవలేదు. నవంబర్ 6న పోలింగ్ జరిగే నాటికి ఆయనకి ఏడేళ్లు నిండడానికి ఇంకా 40 రోజులు ఉంది! జనవరిలో ప్రమాణస్వీకారం నాటికి నిండిపోయాయి. ఎదురుగా నిలబడింది ఎవరో తెలుసా? జాక్వెలిన్ కాక్రన్. ధ్వని వేగాన్ని దాటి విమానం నడిపిన మొట్టమొదటి మహిళ, భర్త కోటీశ్వరుడు, స్వయంగా ప్రెసిడెంట్ ఐజన్‌హోవర్‌కి స్నేహితురాలు. ఆవిడ తన విమానం తనే నడుపుకుంటూ ఊరూరా ప్రచారానికి దిగింది. ఆ ఏడాది ఆవిడ పార్టీవాడే అయిన ఐజన్‌హోవర్ ప్రెసిడెంట్ ఎన్నికలో దేశమంతా ఊడ్చేశాడు. అలాంటి గాలిలో కూడా సౌంద్ 3,000 పైచిలుకు ఓట్లతో గెలిచాడు. భార్య, పిల్లలు, స్నేహితులు ఇంటింటికీ తిరిగారు, ఓటర్ల జాబితాలో పేరు లేనివాళ్లని నమోదు చేయించారు.

ఇప్పుడు నువ్వు రాసిన లెక్క చూద్దాం. "మన కౌంటీలో తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నారు, భారతీయులు ఇంతమంది, వాళ్లంతా వేస్తే చాలు" అన్నావు. ఈ లెక్క మనసులోంచి తీసేయి. సౌంద్ నిలబడ్డ చోట భారతీయుల ఓట్లు పిడికెడు. తెల్ల రైతులూ, మెక్సికన్ కుటుంబాలూ, చిన్న వ్యాపారులూ గెలిపించారు. ఇవాళ ఒక్కో కాంగ్రెస్ డిస్ట్రిక్ట్‌లో సుమారు 7,60,000 మంది జనం ఉంటారు. మనవాళ్లలో హెచ్1బీ మీదా గ్రీన్‌కార్డు మీదా ఉన్నవాళ్లకి అసలు ఓటే లేదు. ఉన్నవాళ్లలో కూడా ప్రైమరీకి వెళ్లి వేసేవాళ్లు ఎంతమందో నువ్వే చూశావు. మనవాళ్ల అభిమానం నీకు బలమే, కాదనను. సంక్రాంతి సంబరాల స్టేజీ మీద శాలువా కప్పించుకుంటే ఓట్లు పడతాయనుకుంటే మాత్రం పొరపాటు.

డబ్బు విషయంలో ఇంకా కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మంచి మనసుతో చేసిన పని కూడా కేసు అవుతుంది. విజయవాడలో మీ మావయ్య "ఎంత కావాలన్నా పంపిస్తా" అన్నాడని సంబరపడ్డావు. ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. అమెరికా పౌరులూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లూ తప్ప ఇంకెవరూ ఇక్కడి ఎన్నికలకి చందా ఇవ్వకూడదు. హెచ్1బీ మీద ఉన్న నీ ఫ్రెండ్స్ జీతం తీసుకోకుండా వాలంటీర్లుగా తిరగొచ్చు, ఫోన్లు చేయొచ్చు, చందా మాత్రం ఇవ్వకూడదు. కన్సల్టెన్సీలున్న మనవాళ్లు కంపెనీ చెక్కు రాస్తామంటారు, అదీ కుదరదు. కార్పొరేషన్ డబ్బు అభ్యర్థికి నేరుగా ఇవ్వడం నిషేధం. ఇంకొకళ్ల పేరు మీద ఇవ్వడం అన్నిటికన్నా ప్రమాదం: ఒకాయన తన ఉద్యోగులకి డబ్బిచ్చి వాళ్ల పేర్లతో చెక్కులు రాయిస్తే అది నేరం, దాని మీద జైలుకి వెళ్లినవాళ్లున్నారు. 2025-26 ఎన్నికలకైతే ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకి 3,500 డాలర్ల దాకా ఇవ్వొచ్చు, ప్రైమరీ వేరు, నవంబర్‌లో జరిగే జనరల్ ఎన్నిక వేరు. నువ్వు వసూలు చేసింది గానీ ఖర్చు పెట్టింది గానీ 5,000 డాలర్లు దాటగానే ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ దృష్టిలో అభ్యర్థివి అయిపోతావు, కాగితాలు దాఖలు చేయాలి. కాబట్టి మొదటి రోజునుంచే లెక్కలు రాసే ట్రెజరర్‌ని పెట్టుకో. ఆ మనిషి బంధువు కాకుండా, నియమాలు తెలిసినవాడై ఉండాలి.

మన తెలుగింటి ఆడపడుచు అరుణా మిల్లర్ గురించి కూడా రెండు మాటలు. హైదరాబాదులో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా వచ్చింది. సివిల్ ఇంజనీరుగా మేరీలాండ్‌లోని మాంట్‌గమరీ కౌంటీలో రోడ్లు, రవాణా పనులు చూసింది, తర్వాత రాష్ట్ర శాసనసభకి ఎన్నికైంది. 2018లో కాంగ్రెస్ ప్రైమరీకి నిలబడితే ఎదురు అభ్యర్థి డేవిడ్ ట్రోన్ సొంత డబ్బు కోటి డాలర్లకు పైగా పోశాడు. ఆవిడ ఓడిపోయింది. కానీ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయింది. ఆ ఓటమి ఆవిడని ముంచలేదంటే, అంతకుముందు కౌంటీలోనూ శాసనసభలోనూ చేసిన పని జనానికి గుర్తుండబట్టే అని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు గెలిస్తే చేసే పనేమిటో కూడా తెలుసుకుని దిగు. పదవీకాలం రెండేళ్లే. ప్రమాణం చేసిన నెల నుంచే తర్వాతి ఎన్నిక మొదలవుతుంది. టీవీలో కనిపించే ఉపన్యాసాలు పనిలో కాస్తంత. మాజీ సైనికుడి పెన్షన్ ఆగిపోయిందనీ, సోషల్ సెక్యూరిటీ చెక్కు రాలేదనీ, పాస్‌పోర్టు ఎక్కడో ఇరుక్కుందనీ, ఇమ్మిగ్రేషన్ ఫైలు కదలడం లేదనీ వచ్చే అర్జీలు రోజూ ఉంటాయి. ఈ పని మీద నీకు ఇష్టం లేకపోతే ఆ కుర్చీ నీకు సుఖం ఇవ్వదు. సౌంద్‌కి మొదటి టర్మ్‌లోనే విదేశీ వ్యవహారాల కమిటీలో చోటు దొరికింది. 1957లో ఆసియా పర్యటనకి వెళ్లి, ఢిల్లీలో మన పార్లమెంటు ఉభయసభల ముందు మాట్లాడాడు, తన సొంతూరు చూసుకున్నాడు. అమెరికాలో ఆసియావాళ్లకి చోటు లేదనే ప్రచారానికి నేనే సజీవ సాక్ష్యంగా వెళ్తానని ఓటర్లకి ముందే చెప్పి వెళ్లిన మనిషి ఆయన. కానీ నియోజకవర్గం వదిలి తిరుగుతున్నాడన్న మాట పడకుండా చూసుకున్నాడు, 1958లోనూ 1960లోనూ మళ్లీ గెలిచాడు.

ఒంటి సంగతి కూడా చెప్పకపోతే మీ నాన్న నన్ను తిడతాడు. 1962 మేలో వాషింగ్టన్ వెళ్తున్న విమానంలోనే సౌంద్‌కి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఆసుపత్రి మంచం మీద ఉండగానే ప్రైమరీ గెలిచాడు గానీ, నవంబర్‌లో ఓడిపోయాడు. 1973లో పోయాడు. ఆయన తర్వాత మరో భారతీయ సంతతి మనిషి ఆ సభకి ఎన్నికయ్యేసరికి 2004 వచ్చింది. అందుకే అడుగుతున్నా: వారం వారం విమానాలు ఎక్కి దిగడం, వారంలో సగం రోజులు చిన్నాడికి దూరంగా ఉండడం గురించి మీ ఆయనతో కూర్చుని మాట్లాడావా? ఇంట్లో ఈ మాట తేలకుండా బయట ఒక్కళ్లకి కూడా చెప్పకు.

ఇక చేయవలసినవి. మే నెలలో వచ్చే స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్ ఎన్నికల్లో ఎవరో ఒక మంచి అభ్యర్థికి వాలంటీరుగా తిరుగు. పోటీ నీది కాదు కాబట్టి టెన్షన్ ఉండదు, పని నేర్చుకుంటావు. తలుపు తట్టినప్పుడు రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడు, పేరు చెప్పి, "మీ వీధిలో ఏం బాగాలేదు?" అని అడిగి నోరు మూసుకో. వాళ్లు చెప్పింది ఆ గుమ్మం దాటగానే రాసుకో. డ్రైనేజీ అంటారు, స్కూలు బస్సు అంటారు, ఇంటి పన్ను అంటారు. మళ్లీ వారం ఆ ఇంటికి ఫోన్ చేసి ఎవరిని అడగాలో చెప్పు. నేను మా ఊరి స్కూల్ బోర్డులో ఉన్నన్నాళ్లూ నాకు ఓట్లు తెచ్చిపెట్టింది ఈ రెండో ఫోనే. తర్వాత మీ ప్రిసింక్ట్ చైర్ పదవి, అంటే మీ పోలింగ్ ప్రాంతంలో పార్టీ పని చూసే పదవి, ఖాళీగా ఉందేమో చూడు, చాలాచోట్ల ఖాళీగానే ఉంటుంది. ఆ తర్వాత స్కూల్ బోర్డో సిటీ కౌన్సిలో. కాంగ్రెస్ మాట ఆరేళ్ల తర్వాత.

అన్నిటికంటే ముందు, ఈ సోమవారమే మీ కౌంటీ ఎలక్షన్స్ ఆఫీసుకి ఫోన్ చేసి, వాలంటీర్ డెప్యూటీ రిజిస్ట్రార్‌గా చేరడానికి ఏం చేయాలో కనుక్కో. టెక్సస్‌లో కొత్త ఓటరు నమోదు ఇప్పటికీ చాలావరకు కాగితం మీదే, ఆ ఫారాలు చేతికి తీసుకోవాలంటే కౌంటీ నియామకం ఉండాలి. నింపించిన ఫారం ఐదు రోజుల్లోపు ఆఫీసులో ఇచ్చేయాలి, ఇంట్లో పెట్టుకుని మర్చిపోకూడదు. మొదటి టేబుల్ గుడి దగ్గర పెట్టకు. హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గర పెట్టుకోవడానికి స్కూలువాళ్ల పర్మిషన్ అడుగు. శుక్రవారం సాయంత్రం నేనూ వస్తాను, మడత టేబుల్, పెన్నులు నా కారులో ఉన్నాయి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న