గుండెపోటు తర్వాత ఎకోలో గడ్డ కనిపిస్తే: ఆపరేషనా? గోంగూర మానాలా?

గుంటూరులో మీ నాన్నగారికి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు, పదో రోజు ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) ఎడమ జఠరికలో, అంటే గుండె కింది ఎడమ గదిలో, రక్తపు గడ్డ ఉందన్నారు, ఆపరేషన్ చేయించాలా అని అడిగారు. దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు, మాత్రలతోనే చాలామందికి కరిగిపోతుంది.

గుండె ముందు గోడ దెబ్బతింటే కొన భాగం కదలడం మానేస్తుంది, అక్కడ రక్తం నిలిచి గడ్డకడుతుంది. రిపోర్టులో గడ్డ సైజు ఒక్కటే చూడకండి. గోడకు పరుపులా అంటుకుని ఉందా, లోపలికి పొడుచుకొచ్చి ఊగుతోందా అన్నది ముఖ్యం. ఊగేది ముక్కై మెదడుకు వెళ్లే ప్రమాదం ఎక్కువ. మామూలు ఎకోలో కొన సరిగా పడక చిన్న గడ్డలు తప్పిపోతుంటాయి. అనుమానం ఉంటే కాంట్రాస్ట్ ఎకో (బొమ్మ స్పష్టంగా పడేందుకు నరంలోకి మందు ఎక్కించి తీసేది), ఇంకా కచ్చితంగా తేలాలంటే గాడొలీనియం అనే కాంట్రాస్ట్ మందుతో గుండె ఎమ్మారై. గొంతులోంచి చేసే ఎకో ఎడమ కర్ణికలోని (పై ఎడమ గదిలోని) గడ్డలకు బాగుంటుంది కానీ ఈ కొనకు అంత పనికిరాదు.

సాధారణంగా రక్తం గడ్డకట్టకుండా చేసే ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ కిలో బరువుకి 1 మి.గ్రా. చొప్పున 12 గంటలకోసారి పొట్ట చర్మం కింద ఇస్తారు. కిడ్నీ బాగా దెబ్బతింటే తగ్గిస్తారు. దాంతోపాటే అదే పని చేసే మాత్రలు, వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ మొదలెడతారు. కనీసం 5 రోజులు రెండూ నడిచి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే రక్తపరీక్ష అంకె) 2 దాటి ఒక రోజు నిలిస్తేనే ఇంజెక్షన్ ఆపాలి. లక్ష్యం 2–3. మూడు నెలలకు ఎకో మళ్లీ తీసి కొనసాగించాలా అన్నది తేలుస్తారు. ఎపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలూ ఇప్పుడు వాడుతున్నారు, వాటికి ఐఎన్ఆర్ అక్కర్లేదు. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు మాత్రం అవి వద్దు.

ఐఎన్ఆర్ ఒక్కసారిగా ఎగిరితే మాత్ర మార్చేముందు శాంపిల్‌ను అనుమానించండి. లేత నీలం మూత గొట్టం గీత దాకా నిండాలి. లోపల ఉండే సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఒక వంతుకు రక్తం తొమ్మిది వంతులు. సగమే నింపితే అంకె అబద్ధంగా పెరుగుతుంది. తీసేటప్పుడు పక్కన నిలబడి చూడటంలో తప్పేం లేదు.

గోంగూర మానక్కర్లేదు. ఆకుకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్, ఎసిట్రోమ్‌ల ప్రభావాన్ని తగ్గిస్తుంది కాబట్టి వారానికి ఎంత తింటారో అంతే తినాలి. నెలంతా మానేసి పండగకు నాలుగు రోజులు వరసగా లాగిస్తేనే చిక్కు.

అసలు ముప్పు నొప్పి మాత్రలది. డైక్లోఫెనాక్ వద్దు. ఇన్ఫెక్షన్లకు ఇచ్చే మెట్రోనిడజోల్, ఫ్లూకొనజోల్ కూడా ఐఎన్ఆర్‌ను పెంచుతాయి. ఊళ్లో జ్వరానికి పిరుదుకు వేసే ఇంజెక్షన్ కూడా వద్దు, కండలో రక్తం గూడు కడుతుంది. స్టెంట్ మాత్రల్లో ఏది, ఎప్పుడు ఆపాలో కార్డియాలజిస్టే చెప్పాలి, మీరు ఆపకండి.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, కాలు చల్లబడి పాలిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్ర చివరిసారి ఎన్నింటికి వేసుకున్నారో ఆస్పత్రిలో మొదటే చెప్పండి.