కోడలి విషయమై చెల్లెలికి

నెల్లూరు

చి. ల. సౌ. చెల్లెలికి అక్క ఆశీర్వదించి వ్రాయునది.

అయిదో నెలలో ఉన్న కోడలికి రొమ్ము క్యాన్సరని తేలిందని నీ కొడుకు చెప్పిన దగ్గర నుంచి మా పెద్దమ్మాయికి కడుపుతో ఉండగా ఇదే జబ్బు వచ్చిన రోజులే నా కళ్ళ ముందు మెదులుతున్నాయి. ఫోనులో అయితే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. వైద్యం సంగతి డాక్టర్లు చూసుకుంటారు. అత్తగారిగా నువ్వు చూసుకోవలసినవి ఆసుపత్రిలో ఎవరూ చెప్పరు.

ముందు ఆమె దగ్గర జబ్బు పేరు దాచవద్దు. మేము ‘ఏదో గడ్డ’ అంటూ నెల రోజులు నెట్టుకొచ్చాం. పిల్ల రిపోర్టు తానే చదువుకుని, మేము బాధపడతామని తెలియనట్టే ఉండిపోయింది. ఒకరి ముందు ఒకరం నటించిన ఆ నెల, కీమో జరిగిన నెలల కంటే బరువుగా గడిచింది.

ఆలస్యంగా బయటపడిందన్న నేరం కూడా ఆమె తన మీదే వేసుకుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు రొమ్ములు బరువెక్కి గట్టిపడడం మామూలే గనుక ఈ గడ్డ వైద్యులకు కూడా ఒక పట్టాన ఆనదు. మా అమ్మాయిని మొదట చూసిన డాక్టరు పాలగడ్డ అని పంపించేస్తే రెండు నెలలు అలాగే పోయాయి. గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, తినకూడనిది తిన్నదనో ఎవరైనా ఎత్తితే ఆ మాట అక్కడే తుంచెయ్యి.

తల్లా బిడ్డా అన్న ప్రశ్న మీ ఇంటి పెద్దలు ఈపాటికి వేసే ఉంటారు. చాలాసార్లు ఆ ప్రశ్నే తప్పు. మొదటి మూడు నెలలు దాటాక రొమ్ము క్యాన్సరుకు వాడే కీమో మందుల్లో కొన్నిటిని గర్భంతో ఉండగానే ఇస్తారు, ఆపరేషనూ చేస్తారు; రేడియేషన్ మాత్రం సాధారణంగా కాన్పు తర్వాతికి వాయిదా వేస్తారు. గర్భిణిగా ఉండగా క్యాన్సరు వచ్చిన తల్లుల పిల్లలను 129 మందిని యూరప్ వైద్యులు పరిశీలించి, వారి ఎదుగుదల తోటి పిల్లల మాదిరిగానే ఉందని, నెలలు నిండకుండా పుట్టిన వారు మాత్రం కొంత వెనకబడ్డారని 2015లో ప్రకటించారు. అయినా ఒక్కొక్కరి జబ్బు ఒక్కో తీరు గనుక, గర్భం ఉంచుకోవాలా వద్దా అన్న మాట వస్తే రావచ్చు. అప్పుడు చట్టం అడిగేది ఆమె సమ్మతినే, నీదీ కాదు, భర్తదీ కాదు. నీ అభిప్రాయం ఒక్కసారి చెప్పి ఊరుకో. నాకైతే అది చేతకాలేదు.

సీమంతం మానవద్దు. మేము ‘ఇప్పుడెందుకులే’ అని మానేశాం. బిడ్డకు నాలుగేళ్ళు వచ్చాక ఒకనాడు మా అమ్మాయి బియ్యం ఏరుతూ, “నేను బతకననే కదమ్మా ఆ రోజు గాజులు తొడగలేదు?” అని అడిగింది. ఏమని చెప్పను? కీమోకూ కీమోకూ నడుమ రక్తకణాలు పుంజుకునే రోజు ఏదో డాక్టరును అడిగి, పది మందితోనే జరిపించు. ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసి ఉంటే ఆ చేతికి బిగుతు గాజులు వద్దు, రెండో చేతికే తొడగండి.

పరామర్శకు వచ్చేవారు ఒంగోలులోనైనా మా నెల్లూరులోనైనా ఒకటే రకం. తమకు తెలిసిన చావు కథ ఒకటి చెప్పకుండా లేవరు. వాకిట్లోనే నువ్వు మాట్లాడి పంపించు. తెల్లకణాలు తగ్గినప్పుడు జనంలో ఉండకూడదని చెప్పు, అది నిజం కూడా. కంచం, గ్లాసు మాత్రం వేరు పెట్టనివ్వకు. ఇది అంటుకునే జబ్బు కాదు.

కాన్పు తర్వాత అన్నిటికంటే ఎక్కువ గుచ్చే మాట “పాలు పడ్డాయా?” అన్నది. కీమో సాగుతుంటే తల్లిపాలు పట్టకూడదు. చూడవచ్చిన ప్రతి ఆడమనిషీ అడుగుతుంది, ప్రతిసారీ పిల్ల తల దించుకుంటుంది. ఆ జవాబు ఆమె నోట రానివ్వకుండా, డాక్టర్లు డబ్బాపాలే పట్టమన్నారని నువ్వే ముందుగా చెప్పెయ్యి. బిడ్డను మాత్రం ఆమె ఒడిలోనే పెట్టి ఆమె చేతనే పట్టించు. నేను ఆమెకు విశ్రాంతి అనుకుని బిడ్డను నా పక్కన వేసుకున్నాను; అది విశ్రాంతి కాదని తర్వాత తెలిసింది.

నీ కొడుకునూ కనిపెట్టుకుని ఉండు. మా అల్లుడు పగలంతా బాగానే తిరిగి, రాత్రిళ్ళు మేడ మీద ఒంటరిగా కూర్చునేవాడు. వాడు మనతో చెప్పుకోలేకపోతే 14416కి చెయ్యమను, ప్రభుత్వం వారి టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే గురువారం నేను బయలుదేరి వస్తాను. కీమో రోజుల్లో నువ్వు ఆసుపత్రిలో కోడలి దగ్గర ఉండు, పొయ్యి దగ్గర పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ అక్క