వడగళ్లకు పగిలిన కిటికీలు: బీమా కంపెనీ పంపిన కాగితం మీద సంతకం పెట్టాలా?

ప్రశ్న: మా ఊళ్లో వడగళ్ల వాన కొత్తేమీ కాదు కానీ పోయిన నెల పడినంత గట్టిగా ఎప్పుడూ పడలేదు. మా ఇంటికి 14 కిటికీలు. నాలుగింటి అద్దాలు పూర్తిగా పగిలిపోయాయి. మూడింటికి రెండు పొరల అద్దాల మధ్య ఆవిరి పట్టినట్టు మసకగా ఉంది. మరో రెండింటి అల్యూమినియం ఫ్రేములు సొట్టలు పడ్డాయి. మిగతా ఐదూ బాగానే ఉన్నాయి. బీమా కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి పగిలిన నాలుగింటికే లెక్క కట్టాడు. మసక పాతదట, సొట్టలు అందానికి సంబంధించినవట. కిటికీలకు 12 ఏళ్లు నిండాయని తరుగుదల తీసేశారు, పైన డిడక్టిబుల్ (నష్టంలో పాలసీదారుడే భరించాల్సిన మొత్తం) తీసేశారు, చేతికి వచ్చేది నామమాత్రం. కాంట్రాక్టరేమో 14 కిటికీలూ మార్చాల్సిందే అంటున్నాడు. డిడక్టిబుల్ సంగతి తాను చూసుకుంటాడట, సగం అడ్వాన్స్ ఇమ్మంటున్నాడు. ఇంతలో బీమా కంపెనీ ‘పూర్తి, తుది పరిష్కారం’ అని ఒక కాగితం పంపింది. సంతకం పెట్టి వచ్చింది తీసుకోమంటారా?

జవాబు: సంతకం ఇప్పుడే పెట్టకండి. కాంట్రాక్టరుకు అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. ఈ రెండూ ఓ వారం ఆగినా నష్టం లేదు. ఆగకూడని పని ఒకటే: పగిలిన నాలుగు కిటికీలనూ ప్లైవుడ్‌తోనో మందపాటి ప్లాస్టిక్ షీటుతోనో ఈ రోజే మూయించండి. ఒకసారి నష్టం జరిగాక అది పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత పాలసీదారుడిదే. మళ్లీ వాన పడి గోడ తడిసి, చెక్క ఉబ్బిందంటే ఆ ఖర్చు తమది కాదని కంపెనీ అంటుంది, ఆ మాట చెల్లుతుంది కూడా. తాత్కాలికంగా మూయించడానికి అయిన ఖర్చును మామూలుగా క్లెయిమ్‌లో కలుపుకోవచ్చు, అందుకని రసీదు తీసుకోండి. మూసే ముందు లోపలి నుంచి, బయటి నుంచి ఫొటోలు తీయండి. పగిలిన అద్దం ముక్కల్ని పారేయకుండా ఒక అట్టపెట్టెలో వేసి, ఏ కిటికీవో పైన రాసి పెట్టండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు ‘కిటికీలు’ అంటున్నారు, సర్వేయర్ ‘కిటికీలు’ అంటున్నాడు, కాంట్రాక్టరూ అదే మాట. ముగ్గురూ 14 కిటికీలనూ ఒకే మూటగా చూస్తున్నారు. ఆ మూటను ఒకాయన నాలుగుకి కుదించాడు, ఇంకొకాయన 14కి పెంచాడు. నేను చూసిన ఇలాంటి కేసుల్లో డబ్బు పోయేది సరిగ్గా ఇక్కడే. ఒక్కో కిటికీకి ఒక్కో లెక్క ఉండాలి. ఏ గది, ఏ దిక్కు, ఏం దెబ్బ తగిలింది, ఏం మార్చాలి, ఎంతవుతుంది అన్న ఐదు గడుల పట్టిక ఒకటి మీరే రాసుకోండి. మీ వకీలు రాసే నోటీసు కంటే ఆ పట్టికే ఎక్కువ పని చేస్తుంది.

పగిలిన నాలుగింటి గురించి పేచీ లేదు. ఒక్క ప్రశ్నే ఉంది: అద్దం మారిస్తే సరిపోతుందా, కిటికీ మొత్తం మార్చాలా? ఫ్రేము వంకర పోకుండా, రెక్క సాఫీగా మూసుకుంటూ ఉంటే అద్దం యూనిట్ ఒక్కటే మార్చవచ్చు. కిటికీ మొత్తం మార్చడం కంటే దానికి మామూలుగా తక్కువే అవుతుంది. కాంట్రాక్టర్ ఈ మాట చెప్పడు. ఫ్రేము మూల విడిపోయినా, అద్దాన్ని పట్టి ఉంచే బీడింగ్ చిట్లినా అప్పుడు కథ వేరు.

అసలు పోరాటం మసక పట్టిన మూడింటి దగ్గర ఉంది. రెండు పొరల అద్దాల మధ్య ఖాళీలో పొడి గాలి గానీ ఆర్గాన్ వాయువు గానీ నింపి, చుట్టూ సీల్ వేస్తారు. సీల్ చెడితే తేమ లోపలికి పోతుంది, తుడిస్తే పోని మసక వస్తుంది. సీల్ వయసు వల్ల కూడా చెడుతుంది. అందుకే 12 ఏళ్ల కిటికీ విషయంలో సర్వేయర్ మాటను అబద్ధమని కొట్టిపారేయలేం. అది వడగళ్ల దెబ్బేనని చూపించాల్సిన పని మనకు పడుతుంది. ఎలా చూపించాలి? వడగళ్లు గాలి వీచిన దిక్కు నుంచి ఏటవాలుగా వస్తాయి. పగిలిన నాలుగూ, మసక పట్టిన మూడూ ఒకే దిక్కు గోడ మీద ఉన్నాయా? అదే వయసున్న కిటికీలు వెనక గోడ మీద నిక్షేపంగా ఉన్నాయా? ఉంటే అది వయసు చేసిన పని అనడం కష్టం. వయసు ఒక్కటే కారణమైతే మిగతా గోడల మీదా కొంతైనా కనిపించాలి కదా.

ఒక ఇంటావిడ కేసు ఇప్పటికీ గుర్తుంది. సర్వేయర్ రోడ్డు మీద నుంచే చూసి వెళ్లాడు. ఆవిడ నన్ను ఇంటి పక్కకి తీసుకెళ్లి ఏసీ బయటి యూనిట్ చూపించింది. పడమటి వైపు సన్నటి అల్యూమినియం రేకులు బొటనవేలితో నొక్కినట్టు గుంటలు గుంటలుగా అణిగిపోయి ఉన్నాయి, ఇంకో వైపు ఒక్క గుంట లేదు. ఆ గుంటలున్న వైపే మసక పట్టిన కిటికీలూ ఉన్నాయి. వాన వెలిసిన వెంటనే నాలుగు వడగళ్లను స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, స్టీలు డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టింది కూడా. రెండోసారి సర్వేయర్ వచ్చినప్పుడు ఆవిడ గట్టిగా మాట్లాడలేదు, అవి చూపించిందంతే. మూడు కిటికీలు లెక్కలోకి వచ్చాయి.

వడగల్లు సైజుకి అంత విలువ ఎందుకంటే, సైజు పెరిగితే బరువే కాదు, పడే వేగం కూడా పెరుగుతుంది. అడ్డకొలత రెట్టింపైతే దెబ్బ బలం ఇంచుమించు 16 రెట్లు అవుతుంది. ‘చిన్న వడగళ్లే పడ్డాయి’ అని రిపోర్టులో ఒక్క ముక్క రాస్తే మీ క్లెయిమ్ అక్కడే సగం చచ్చిపోతుంది. మీ దగ్గర ఫొటోలు లేకపోతే ఇరుగుపొరుగు ఫోన్లలో తప్పక ఉంటాయి, తేదీ, సమయంతో సహా అడిగి తీసుకోండి. వాతావరణ శాఖ ఆ రోజు ఇచ్చిన హెచ్చరికలు కూడా దాచుకోండి.

సొట్టలు పడ్డ రెండు ఫ్రేముల విషయానికి పాలసీ తెరిచి చూడాలి. ‘పనికి అడ్డు రాని, చూపుకు మాత్రమే తెలిసే నష్టం వర్తించదు’ అనే మినహాయింపు అందులో ఉంటే సర్వేయర్ మాట నిలుస్తుంది. లేకపోతే నిలవదు, సొట్ట కూడా నష్టమే. మినహాయింపు ఉన్నా సరే, రెక్క పట్టేస్తుంటేనో, సందులోంచి గాలి గానీ నీళ్లు గానీ వస్తుంటేనో అది అందం సంగతి కాదు. పైపుతో నీళ్లు కొట్టించి, లోపలి నుంచి వీడియో తీయండి. అర్థం రెండు రకాలుగా వచ్చే మాట పాలసీలో ఉంటే దాన్ని రాసిన వాళ్లకు వ్యతిరేకంగా, అంటే మీకు అనుకూలంగా చదవాలన్న సూత్రం చాలా దేశాల కోర్టుల్లో ఉంది.

బాగున్న ఐదింటినీ వదిలేయండి. వాటిని క్లెయిమ్‌లో చేర్చమని కాంట్రాక్టర్ ఎంత చెప్పినా వద్దు. దెబ్బతినని కిటికీని దెబ్బతిన్నదని రాయిస్తే నష్టపోయేది ఆ కిటికీ ఒక్కటే కాదు. తెలిసి అబద్ధం చెబితే మొత్తం క్లెయిమ్ రద్దయ్యే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. పాత వాటికీ కొత్త వాటికీ రంగు కలవదన్న బాధ నాకు అర్థమవుతుంది. ఒకే గోడ మీద పక్కపక్కన ఉన్నవి తేడాగా కనిపిస్తే సరిపోల్చి ఇవ్వాలని కొన్ని చోట్ల నిబంధనలే ఉన్నాయి. ఆ వాదన కావాలంటే దాన్ని దాచకుండా, ‘సరిపోలిక కోసం’ అని విడిగా అడగండి.

ఇప్పుడు డబ్బు. పాలసీ మొదటి పేజీల్లో రెండు మాటల కోసం వెతకండి: నష్టపరిహారం కొత్తదాని ఖరీదు ప్రకారమా, తరుగుదల పోను మిగిలిన విలువ ప్రకారమా? డిడక్టిబుల్ స్థిరమైన మొత్తమా, శాతమా? వడగళ్లు ఎక్కువగా పడే చోట్ల శాతం పద్ధతి ఎక్కువ. అది నష్టంలో శాతం అనుకుంటారు చాలామంది. చాలా పాలసీల్లో అది ఇంటికి చేసిన మొత్తం బీమాలో శాతం, మీ దాంట్లో ఏముందో చూసుకోండి. ఇంటి బీమా 1000 అనుకోండి. 2 శాతం డిడక్టిబుల్ అంటే 20. ఒప్పుకున్న కిటికీల ఖర్చు 30 అయితే, కొత్త ఖరీదు పాలసీలో మీకు 10 వస్తుంది. తరుగుదల పాలసీ అయితే 30లో, ఉదాహరణకి, 40 శాతం తీసేస్తే 18 మిగులుతుంది, అది 20కి లోపలే ఉంది కాబట్టి చేతికి సున్నా. ఒకే వాన, ఒకే కిటికీలు. తేడా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది, మీ కేసులో అదే జరిగిందేమోనని నా అనుమానం. కొత్త ఖరీదు పాలసీలో కూడా చాలా కంపెనీలు మొదట తరుగుదల పట్టి ఉంచుకుని, పని పూర్తయి బిల్లు చూపించాక ఆ మిగతాది ఇస్తాయి. అంటే ఇప్పుడు వస్తున్న నామమాత్రపు మొత్తం మొదటి విడత కావచ్చు. దాన్ని చూసి ‘ఇంతే’ అనుకుని తుది కాగితం మీద సంతకం పెడితే రెండో విడత మీరే వదులుకున్నట్టు. పట్టి ఉంచిన మొత్తం ఎంత, దాన్ని తీసుకోవడానికి ఏ తేదీలోపు బిల్లు ఇవ్వాలి అని రాతపూర్వకంగా అడగండి. 12 ఏళ్లకి ఇంత శాతమని ఎలా తేల్చారో కూడా అడగండి. అద్దానికి, ఫ్రేముకి, రబ్బరు సీలుకి మన్నిక ఒకటి కాదు, అన్నిటికీ ఒకే శాతం కొట్టడం సరికాదు. పని మనుషుల కూలీకి తరుగుదల వేస్తే దాన్నీ ప్రశ్నించండి.

బీమా లాభం కోసం కాదు, నష్టం పూడ్చడానికే అన్న సూత్రం పాతది. 1883లో కాస్టెలిన్ వర్సెస్ ప్రెస్టన్ కేసులో ఇల్లు అమ్మడానికి ఒప్పందం చేసుకున్న యజమాని, ఈలోపు ఇంటికి నిప్పంటుకుంటే బీమా డబ్బు తీసుకుని, తర్వాత కొన్నవాళ్ల దగ్గర పూర్తి ధర కూడా తీసుకున్నాడు. బీమా డబ్బు వెనక్కి ఇమ్మని ఇంగ్లండు అప్పీలు కోర్టు చెప్పింది. మీకు దీనితో పనేమిటంటే, మామూలు అద్దం స్థానంలో పగిలినా ఊడిపడని లామినేటెడ్ అద్దం పెట్టించుకుంటే పెరిగిన ఖర్చు మీది. మీ ఊరి లాంటి చోట ఆ పెరిగిన ఖర్చు పెట్టుకోమనే నా సలహా. అయితే నిర్మాణ నిబంధనలు ఇప్పుడు ఆ చోట సేఫ్టీ గ్లాస్ తప్పనిసరి చేసి ఉంటే, పాలసీలో నిబంధనల మార్పుకి ఇచ్చే కవరేజీ ఉందేమో చూడండి, ఉంటే ఆ తేడా కూడా వాళ్లే ఇవ్వాలి.

కాంట్రాక్టర్ గురించి. ‘డిడక్టిబుల్ మేం చూసుకుంటాం’ అన్నాడంటే ఆ డబ్బు ఎక్కడినుంచో రావాలి. బిల్లు పెంచి రాయడం ద్వారానే వస్తుంది. ఆ పెంచిన బిల్లు మీ పేరు మీద బీమా కంపెనీకి వెళుతుంది. అమెరికాలోని టెక్సాస్‌లో 2019 నుంచి కాంట్రాక్టర్ ఇలా మాఫీ చేస్తానని ఆశ చూపించడమే నేరం. మీ దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం ఉన్నా లేకపోయినా, తప్పుడు బిల్లు తప్పుడు బిల్లే. ఈ మాట అన్న మనిషికి పని ఇవ్వవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఎవరికి ఇచ్చినా కిటికీలు కొలత ప్రకారం తయారవుతాయి, ఆర్డర్ వెళ్లాక వెనక్కి తీసుకోరు. అందుకని కొలతలు ఎవరు తీశారు, తప్పైతే ఎవరు భరిస్తారు అన్నది ఒప్పందంలో ఉండాలి. అద్దం మందం, ఎన్ని పొరలు, ఫ్రేము ఏ మెటీరియల్, ఎప్పటికి బిగిస్తారు, పాతవి ఎవరు తీసుకెళతారు, నీళ్ల పరీక్ష చేశాకే చివరి విడత, ఇవన్నీ రాయించండి. అడ్వాన్స్ మెటీరియల్‌కి సరిపడా ఉంటే చాలు. మీ క్లెయిమ్ డబ్బు నేరుగా కాంట్రాక్టరుకు వెళ్లేలా హక్కులు బదిలీ చేసే కాగితం ఇస్తే సంతకం పెట్టకండి. ఇంటి మీద లోన్ ఉంటే చెక్కు మీద బ్యాంకు పేరు కూడా ఉండొచ్చు, ముందే కనుక్కోండి. ఇల్లు అపార్ట్‌మెంట్‌లో ఉంటే బయటి కిటికీలు మీవా సంఘానివా అన్నది నిబంధనావళి చూసి తేల్చుకోవాలి.

చివరగా ఆ కాగితం. దాని మీద ‘నిరసనతో’ అని రాసి సంతకం పెడితే చాలని కొందరు చెబుతారు. నేను అంత నమ్మకం పెట్టుకోను, పైన ‘తుది’ అని అచ్చయి ఉంటే కింద మనం రాసిన రెండు ముక్కల మీద మళ్లీ వాదులాట. కంపెనీకి ఇలా రాయండి: ‘నాలుగు కిటికీల విషయంలో వివాదం లేదు, ఆ మొత్తాన్ని విడి రసీదు మీద చెల్లించండి. మసక పట్టిన మూడు, సొట్టలు పడ్డ రెండు, ఈ ఐదింటిపై నా క్లెయిమ్ కొనసాగుతోంది. జతచేసిన పట్టిక, ఫొటోలు చూసి మళ్లీ తనిఖీ చేయించండి. సర్వేయర్ రిపోర్టు నకలు పంపండి.’ ఈమెయిల్ చేయండి, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. పాలసీలో ఫిర్యాదుకీ, దావాకీ ఇచ్చిన గడువుల తేదీలు ఈ రోజే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని గడువు ఆగుతుందనుకోవద్దు.

ఆ తనిఖీకి ముందు రోజు రాత్రి టార్చిలైటును ఫ్రేముకి ఆనించి పక్కవాటుగా వేసి చూడండి. పగటి వెలుగులో కనిపించని సొట్టలు నీడలతో బయటపడతాయి. ఒక్కోదాని పక్కన సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫొటో తీసి, పట్టికలో ఆ కిటికీ ఎదుట చేర్చండి.