స్కాన్ చేయించాక పాత ఫోటోలు పారేయొచ్చా?

తాతగారి కాలం నాటి ఫోటోలు, ఉత్తరాలు స్కాన్ చేయించాం, ఇక అసలువి పారేయొచ్చా అని అడిగారు. వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి. మీరు స్కాన్ చేయించింది ముందువైపే అయి ఉంటుంది. అసలు సంగతంతా వెనకవైపు ఉంటుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖ వన్‌టౌన్‌లో మా పెదనాన్నగారింటి రేకులు లేచిపోయి, అటక మీది ట్రంకు పెట్టెలోకి నీళ్లు దిగాయి. మూత తీస్తే ఫోటోలన్నీ దిమ్మలా అంటుకుపోయి ఉన్నాయి. అన్నయ్య ఒకటి లాగబోతే మామ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "లాగకురా, ముఖాలు ఊడొచ్చేస్తాయి" అంది. బేసిన్‌లో మంచినీళ్లు పోసి అందులో ఉంచితే మెల్లగా వాటంతటవే విడిపోయాయి. కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. మామ్మ నేత చీరలు గచ్చు మీద పరిచి, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టాం.

వాటిలో ఒకటి సింధియా షిప్‌యార్డులో తీసింది. తాత, పక్కన మరికొందరు పనివాళ్లు, వెనక ఓడ. తిప్పి చూస్తే పెన్సిల్‌తో "జల ఉష, 14-3-48" అని, కింద వరసగా పేర్లు. నెహ్రూ వచ్చి ఆ ఓడను నీళ్లలోకి దింపిన రోజు అది! సిరాతో రాసిన ఉత్తరాలన్నీ నీలం మరకలైపోయాయి, పెన్సిల్ రాత మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ఫోటోనే మా బావ అంతకుముందు స్కాన్ చేసి ఫేస్‌బుక్‌లో పెడితే, "తాత ఎంత బావున్నాడో" అన్నారందరూ. అది ఏ రోజుదో, పక్కనున్నది ఎవరో ఒక్కరికీ తెలీదు.

ఈ లామినేషన్ పిచ్చి ఒకటి. వేడి పెట్టి ప్లాస్టిక్ అతికిస్తే మళ్లీ తీయలేం, వెనక ఇంకేమీ రాయలేం. మన సముద్రపు చెమ్మకి అద్దానికి ఆనించి ఫ్రేమ్ కట్టినా ఫోటో అద్దానికే అంటుకుపోతుంది. బీచ్ రోడ్డు మ్యూజియంలో 1942 ఏప్రిల్‌లో జపాన్ వాళ్లు వేసిన బాంబు ముందు అందరూ సెల్ఫీలు దిగుతారు. ఆ బాంబులకి భయపడి ఊరొదిలి వెళ్లినవాళ్లు రాసుకున్న ఉత్తరాలేమో అటకల మీద చెదలు తింటున్నాయి. నాకు నిజంగా కడుపు మండుతుంది.

ఇంట్లో చోటు లేకపోతే లైబ్రరీకో మ్యూజియానికో ఇవ్వండి, కానీ వివరాలు జతచేసి ఇవ్వండి. ఊరు, పేరు, తేదీ లేని ఫోటోను వాళ్లు మాత్రం ఎక్కడని పెడతారు? ముందు ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఎవరెవరో అడగండి. మెత్తటి పెన్సిల్‌తో, వెనక అంచున, ఒత్తకుండా రాయండి. కలర్ ఫోటోల వెనక పెన్సిల్ సరిగా పడదు, వాటిని కాగితం కవర్లో పెట్టి కవరు మీద రాస్తే చాలు.