క్రూయిజ్‌కి వెళ్ళండి, ఫోనులో గడియారాన్ని మాత్రం నమ్మకండి

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు క్రూయిజ్‌కి, అంటే ఓడలో విహారయాత్రకి, వెళ్ళొచ్చా, శాకాహారులకు తిండి దొరుకుతుందా, పెట్టిన డబ్బుకు గిట్టుబాటు అవుతుందా అని చాలామంది అడుగుతుంటారు. వెళ్ళొచ్చు, దొరుకుతుంది, అవుతుంది. ఇక నేను చెప్పదలచుకున్నది చెబుతాను.

నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను, మా ఆవిడ టీచరు. ఇద్దరం ఇప్పటికి పదకొండు సార్లు ఓడెక్కాం. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు కాబట్టి చాలావరకు గాల్వెస్టన్ రేవు నుంచే. ఒకసారి మయామి నుంచి, ఒకసారి సియాటిల్ నుంచి అలాస్కాకి. ఇన్నిసార్లు తిరిగాక నాకు తేలింది ఒకటే: ఓడ ఆగే ఊళ్ళ కోసం క్రూయిజ్‌కి వెళ్ళకూడదు, ఓడ కోసం వెళ్ళాలి. మనవాళ్ళు దీన్ని తీర్థయాత్రల బస్సు అనుకుంటారు. ఆగిన ప్రతిచోటా దిగాలి, నాలుగు ఫోటోలు దిగాలి, ఏదో ఒకటి కొనాలి. మేమూ అలాగే ఉండేవాళ్ళం, 2017 జూలై దాకా.

ఆ నెలలో మయామిలో ఎక్కాం. దారిలో మెక్సికోవాళ్ళ కొజుమెల్ దీవి దగ్గర ఓడ ఆగింది. నాలుగున్నరకల్లా అందరూ తిరిగి ఎక్కేయాలి, అయిదింటికి ఓడ కదులుతుంది. ఓడ కట్టిన చోటు నుంచి ఊళ్ళోకి మూడు నాలుగు కిలోమీటర్లు. టాక్సీలో వెళ్ళి శాన్ మిగెల్ బజారంతా తిరిగాం. ఆ యుకటాన్ ప్రాంతంలో నూలు ఉయ్యాలలు అల్లుతారు, రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునేవి. కొట్టువాడు నలభై డాలర్లన్నాడు. నేను పదిహేను దగ్గర మొదలుపెట్టాను.

"ఏవండీ, నాలుగు దాటింది."

"మూడే కదా దాటింది. ఫోన్లో చూడు."

"నా వాచీలో నాలుగూ పదండీ."

"దానికి కీ ఇచ్చి ఎన్నాళ్ళయిందో!"

అది మా పెళ్ళికి వాళ్ళ నాన్నగారు పెట్టిన హెచ్ఎంటీ. రోజూ పొద్దున్న కాఫీ తాగగానే దానికి కీ ఇవ్వడం ఆవిడ అలవాటు, అది నాకూ తెలుసు. అయినా బేరం మీదున్న మగవాడికి చెవులు పనిచేయవు. ఇరవై అయిదుకి కుదిరింది. ఉయ్యాల చంకలో పెట్టుకుని బయటికొచ్చి చూస్తే వీధిలో ఏదో తేడా. పొద్దున్నుంచీ ఎటు చూసినా భుజాన మా ఓడవాళ్ళ నీలం తువ్వాళ్ళు వేసుకున్న జనమే. ఇప్పుడు ఒక్కటంటే ఒక్క తువ్వాలు లేదు.

జరిగిందేమిటంటే, దీవిలో దిగగానే ఫోను అక్కడి టవర్ పట్టుకుని అక్కడి టైముకి మారిపోయింది. మయామిలో ఎండాకాలం గడియారం గంట ముందుకి జరుపుతారు. కొజుమెల్ ఉన్న రాష్ట్రంలో 2015 నుంచీ ఆ జరపడం లేదు. అందుకని జూలైలో అక్కడి టైము మయామికంటే గంట వెనక. ఓడేమో మయామి టైమే పాటిస్తోంది. మా ఆవిడ వాచీకి టవర్లూ లేవు, తెలివితేటలూ లేవు. మయామిలో పెట్టిన టైమే చూపిస్తోంది.

టాక్సీవాడికి చేతులు జోడించాను, భాష రాదు కదా. వాడు బాగానే తోలాడు. రేవు గేటు దగ్గర దించితే మధ్యలో వజ్రాల కొట్లు, సెంటు కొట్లు. వాటన్నిటినీ చుట్టుకుని వెళ్తే తప్ప ఓడ దారి రాదు. ఆ తర్వాత ఎండలో పొడుగాటి జెట్టీ. నాకప్పుడు అరవై రెండు, మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుంది, నేను ఉయ్యాల పట్టుకున్నాను. పైన బాల్కనీల నిండా జనం. ఆలస్యంగా వచ్చేవాళ్ళను చూసి ఈలలు వేయడం వాళ్ళకో కాలక్షేపం. మా గోదావరి వైపు సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర ఎంత గోల ఉంటుందో అంత గోల. మెట్ల దగ్గరున్న సెక్యూరిటీ కుర్రాడు మనవాడే, ఉత్తరాది అబ్బాయి. "అంకుల్‌జీ, ఆరామ్‌సే" అన్నాడు. టైము నాలుగూ ముప్పై నాలుగు.

కాస్త ఊపిరి తీసుకుని డెక్ మీదికి వెళ్ళేసరికి తాళ్ళు విప్పేశారు. అప్పుడొచ్చారు ఇద్దరు కుర్రాళ్ళు, ఈత నిక్కర్లతో, ఒకడి చేతిలో కొబ్బరిబోండాం. ఓడకీ జెట్టీకీ మధ్య అప్పటికే రెండు బారల నీళ్ళు. ఆ పిల్లాడు బోండాం కింద పెట్టేసి నిలబడిపోయాడు. పాపం, ఈలలు కూడా ఆగిపోయాయి.

అందుకే చెబుతున్నాను, ఫోన్లో టైము దానంతట అది మారే సెట్టింగ్ ఎక్కగానే తీసేయండి. దిగి తీరాలనుకుంటే ఓడవాళ్ళే నడిపే టూరులో వెళ్ళండి, ఖరీదు ఎక్కువైనా అది ఆలస్యమైతే పూచీ వాళ్ళదే. సొంతంగా తిరిగి మిస్సయితే తర్వాతి ఊరికి టికెట్ మీ జేబులోంచే. మేమైతే అప్పటి నుంచీ ఓడ ఆగిన రోజున దిగడం మానేశాం. మూడొంతుల మంది దిగిపోతే ఓడ ఎంత హాయిగా ఉంటుందో తెలుసా? ఈతకొలను ఖాళీ, లిఫ్టు పిలవగానే వస్తుంది, నీడలో కుర్చీ దొరుకుతుంది. మిగతా రోజుల్లో కుర్చీ దొరకడం కల్ల. పొద్దున్న ఏడింటికే తువ్వాలో పుస్తకమో పడేసి టిఫినుకి పోతారు, పదకొండు దాకా రారు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి రుమాలు వేయడం మనకే ప్రత్యేకం అనుకునేవాణ్ణి. కాదు, తెల్లదొరలూ అంతే.

అలాస్కా వెళ్ళేవాళ్ళు వీసా సంగతి జాగ్రత్తగా చూసుకోండి. సియాటిల్ నుంచి బయల్దేరే ఓడ కెనడాలోని విక్టోరియాలో ఓ పూట ఆగుతుంది, ఎక్కువగా సాయంత్రం పూట. ముచ్చటపడి ఆగడం కాదు. విదేశీ జెండా ఉన్న ఓడ మధ్యలో పరదేశపు రేవు తాకకుండా అమెరికా రేవుల మధ్య జనాన్ని తిప్పకూడదని 1886 నాటి చట్టం ఉంది. ఈ పెద్ద ఓడలన్నీ దాదాపుగా బహమాస్, పనామా లాంటి దేశాల జెండాలతో తిరిగేవే. మన పాస్‌పోర్టు మీద వెళ్ళేవాళ్ళకి మెక్సికోకైతే చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా సరిపోతుంది, కెనడాకి సరిపోదు. "మేం అక్కడ దిగం కదా" అంటే కౌంటర్లో వినరు. మా కోడలి తరఫు పెద్దవాళ్ళిద్దరు సియాటిల్ రేవు దాకా వెళ్ళి, పెట్టెలతో సహా వెనక్కొచ్చారు. పిల్లలు టికెట్లు కొన్నారు గానీ ఎవరూ ఈ మాట చూడలేదు.

బాల్కనీ గది గురించి అడుగుతూ ఉంటారు. అలాస్కాకి తీసుకోండి, అక్కడ మంచుకొండలు గది ముందుకే వస్తాయి. మెక్సికో వైపు దండగ. కిటికీ లేని గది చాలు, కాకపోతే ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోండి. బస్సులో వెనక సీటు ఎలా ఎగరేస్తుందో ఓడలో ముందు కొస అలాగ. తల తిరుగుతుందని టెన్షన్ ఉంటే అల్లం మురబ్బా వెంట ఉంచుకోండి, మాకు మాత్రలకంటే అదే పనిచేసింది. చేతులు సబ్బుతోనే కడుక్కోండి, ఓడల్లో వాంతులు విరేచనాలు తెప్పించే వైరస్‌కి శానిటైజర్ అంతగా లొంగదు.

ఇంకో సంగతి, ఇది చెప్పకుండా ఉండలేను. గది సర్దే అబ్బాయికి, వడ్డించేవాళ్ళకి కలిపి టిప్పు కింద మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు మన ఖాతాలో వేస్తారు. కౌంటర్‌కి వెళ్ళి దాన్ని తీయించేసుకుని, అదేదో ఘనకార్యంలా వాట్సాప్‌లో చెప్పుకునే మనవాళ్ళను చూశాను. ఇంటిని నెలల తరబడి వదిలి రోజూ మన పక్క సర్దే మనిషి దగ్గరా బేరం?

తిండి సంగతి. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి, గుడ్డు కూడా తినమని చెప్పండి. మర్నాటి నుంచి పప్పు, ఒక కూర, రొట్టె, అన్నం వస్తాయి. వంటింట్లో గోవావాళ్ళో ముంబైవాళ్ళో ఉంటే ఇంకా మంచిది. రుచి ఉత్తరాది పెళ్ళి భోజనంలా ఉంటుంది, కారం మనమే చూసుకోవాలి. అందుకు ఆవకాయ, కందిపొడి సీలు వేసిన కొట్టు ప్యాకెట్లలో తీసుకెళ్ళండి. ఇంట్లో పెట్టిన సీసా సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు. వేడెక్కే సామాను ఏదైనా లాక్కుని చివరి రోజున తిరిగిస్తారు. ఆ పొద్దున్న బల్ల మీద ఇస్త్రీపెట్టెలు, కెటిళ్ళు వరసగా పెడతారు. మా రెండో ట్రిప్పులో వాటి మధ్య ఒక రైస్ కుక్కర్ కూడా ఉంది. మాదే.